ఐవీఏ పరీక్ష పాసైన కిట్ కారు 60 మైళ్ల వేగం దగ్గర గీత మీద నిలబడట్లేదు. ఇంజను పని చేయించాలా, ఇంకేదైనా చూడాలా?

ఒంటికారు_గ్యారేజీ (కోవెంట్రీ)

అందరికీ నమస్కారం. పోస్టు పెద్దది, కాస్త ఓపిక పట్టండి.

మా ఇంటి పక్కన ఒంటి కారు గ్యారేజీ ఉంది, లోపలి వెడల్పు 2.4 మీటర్లు. అందులో మూడేళ్ల రెండు నెలలు పడి సెవెన్ తరహా (పాత లోటస్ సెవెన్ లాంటి, పైకప్పు లేని తేలిక) కిట్ కారు ఒకటి, అంటే విడిభాగాలు తెచ్చి ఇంట్లో బిగించుకునేది, కట్టాను. డోనర్, అంటే భాగాలు విప్పుకోవడానికి కొన్న పాత కారు, 1997 మాజ్దా ఎంఎక్స్-5, 1.8 ఇంజను. తలుపుల కింది సిల్స్ రెండూ తుప్పే, వేలు పెడితే లోపలికి దిగింది. అందుకే చవగ్గా వచ్చింది. మనకు కావాల్సింది బాడీ కాదు కదా. ఇంజను, గేర్‌బాక్సు, డిఫరెన్షియల్, హబ్బులు, స్టీరింగ్ ర్యాక్, బ్రేకులు, వైరింగు విప్పుకున్నాను. లాగ్‌బుక్కు భద్రంగా దాచాను. కిట్ వాళ్ల దగ్గర్నుంచి పౌడర్ కోటింగ్ వేసిన స్టీల్ ఛాసిస్, విష్‌బోన్లు (చక్రాలను ఛాసిస్‌కు కలిపే చేతులు), అల్యూమినియం రేకులు, ఫైబర్ ముక్కు, మడ్‌గార్డులు వచ్చాయి. రేకులు ఛాసిస్‌కు నేనే రివెట్లు కొట్టాను. చేత్తో నొక్కే రివెట్ గన్నుతో మొదటి రెండొందలు కొట్టిన రోజు రాత్రి అన్నం ముద్ద కలపడానికి వేళ్లు ముడుచుకోలేదు. మర్నాడే గాలితో నడిచే గన్ను కొన్నాను.

గత నెల ఐవీఏ (సొంతంగా కట్టిన కారును రోడ్డు మీదికి వదిలే ముందు చేసే పరీక్ష) రెండోసారికి పాసైంది. మొదటిసారి తప్పింది పూర్తిగా నా నిర్లక్ష్యమే: ముందు విష్‌బోన్ బోల్టుల కొసలకు ప్లాస్టిక్ టోపీలు పెట్టలేదు, ఒక అద్దం బ్రాకెట్ అంచు పదునుగా ఉంది. అంచులకు కనీసం 2.5 మి.మీ. గుండ్రదనం ఉండాలన్నది చదివీ వదిలేశాను. స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రావడం కూడా నా కారులో బలహీనంగానే ఉండింది. దానికి ఒక స్నేహితుడు చెప్పిన చిట్కాతో గట్టెక్కాను. డోనర్ వయసుకు తగ్గ నంబరే వచ్చింది, క్యూ ప్లేటు (వయసు తేలని బళ్లకు ఇచ్చేది) కాదు.

ఇక సమస్య. ఊళ్లో 30 మైళ్ల వేగంలో బంగారం. ఎ46 హైవే ఎక్కి 60 దాటితే మాత్రం కారు ఒక్క క్షణం కుదురుగా ఉండదు. నేను స్టీరింగును ఇటు సర్దుతుంటాను, అది అటు వెళ్తుంటుంది. లారీ పక్కనుంచి పోతే గుండె జారిపోతుంది. వెనక చక్రం ఒకటి గతుకులో పడితే తోక విదిల్చినట్టు ఒక కుదుపు. టెన్షన్‌తో 20 మైళ్లకే భుజాలు పట్టేస్తున్నాయి. ఇంజను కూడా 3000 ఆర్పీఎం లోపు మందకొడిగా ఉంది, డోనర్‌లో ఉన్నప్పుడు ఇలా లేదు. ఇంకో వింత: హెడ్‌లైట్లు వేయగానే టెంపరేచర్ ముల్లు కాస్త పైకి లేస్తుంది.

చక్రాల అలైన్‌మెంట్‌కు టైర్ల షాపుకు తీసుకెళ్తే "ఈ కారు మా కంప్యూటర్‌లో లేదు" అని గేటు దగ్గరే తిప్పి పంపారు.

అదే స్నేహితుడు ఇప్పుడు థ్రాటిల్ బాడీలు (ఇంజనుకు గాలి వదిలే కవాటాలు), కొత్త ఈసీయూ (ఇంజనును నడిపే కంప్యూటర్) పెట్టించమంటున్నాడు, కారుకు ప్రాణం వస్తుందట. రెండు వేల పౌండ్ల పైమాట. డబ్బు ఉంది, ఇంట్లో పర్మిషన్ రాలేదు. అడిగే ముందు మీ మాట వినాలని.

---

వీకెండ్_డ్రైవర్ (రెడింగ్)

తప్పుగా అనుకోకండి. మూడేళ్లు, అంత డబ్బు, ఇప్పుడు మళ్లీ రెండు వేలు. ఆ డబ్బుకు తుప్పు లేని ఎంఎక్స్-5 కొనుక్కుంటే పైకప్పు ఉంటుంది, హీటరు ఉంటుంది, పిల్లాణ్ణి స్కూల్లో దింపొచ్చు. వాన పడితే మీరేం చేస్తారు?

---

ఒంటికారు_గ్యారేజీ

తడుస్తానండీ.

---

బెజవాడ_పానా (లెస్టర్)

తమ్ముడూ, ఆ రెండు వేలు ఇప్పుడే బయటికి తియ్యకు. ముందు ఈ నాలుగింటికి జవాబు చెప్పు.

టైర్ల పక్కగోడ మీద డాట్ అనే అక్షరాల తర్వాత కోలగా గీసిన గడిలో నాలుగంకెలు ఉంటాయి, అవి చదువు. ఇప్పుడు టైర్లలో గాలి ఎంత ఉంది? ఇంజను కట్టేటప్పుడు హెడ్ వెనక ఉండే క్యామ్ యాంగిల్ సెన్సర్ విప్పావా? ఆఖరిది, అసలుది: ఐవీఏలో ఆ స్నేహితుడు చెప్పిన చిట్కా ఏమిటి?

---

ఒంటికారు_గ్యారేజీ

అన్నా, టైర్లు డోనర్‌తో వచ్చినవే, 185/60 ఆర్14. ముందు రెండింటి మీద 3412, వెనక రెండింటి మీద 0913. గాలి నాలుగింట్లోనూ 38 పీఎస్ఐ. సెన్సర్ విప్పాను, పాత మరక చూసి అదే చోట బిగించాను.

చిట్కా ఏమిటంటే, ముందు చక్రాలను కొంచెం బయటికి చూసేలా టో-అవుట్ పెట్టి, టైర్లలో గాలి బాగా కొట్టమన్నాడు. నిజంగానే పనిచేసింది. ఇన్‌స్పెక్టర్ మెల్లగా గుండ్రంగా తిప్పి వదిలితే స్టీరింగు మధ్యకు వచ్చింది.

---

బెజవాడ_పానా

అనుకున్నాను. నీది ఎంసెట్‌కు బట్టీ పట్టిన కారు. పరీక్ష అయిపోయింది, పుస్తకం మాత్రం ఇంకా అదే పేజీ దగ్గర తెరిచి ఉంది.

ఆ చిట్కా నాకు కొత్తేమీ కాదు. తేలిక కార్లు కట్టేవాళ్లలో చాలామంది ఐవీఏ గట్టెక్కడానికి అదే చేస్తారు. కానీ పాసైన రోజు సాయంత్రమే వెనక్కి తిప్పేస్తారు. నువ్వు దాంతోనే హైవే ఎక్కావు. టో-అవుట్ ఉన్నప్పుడు రెండు ముందు చక్రాలూ చెరో దిక్కుకు లాగుతుంటాయి. ఏ చక్రం మీద బరువు కాస్త ఎక్కువ పడితే కారు దాని మాట వింటుంది. లారీ గాలికి, రోడ్డు వాలుకు మాట మారుస్తూ ఉంటుంది. దానికి తోడు 38 పీఎస్ఐ. ఎంఎక్స్-5 తలుపు మీద స్టిక్కరు 26 అంటుంది, అది వెయ్యి కిలోలకు అటూ ఇటూ ఉండే కారుకు. నీది 650 దాటదు. 38 కొడితే టైరు రాయిలా గెంతుతుంది, మధ్య భాగం మాత్రమే నేలను తాకుతుంది. 18 నుంచి 20 మధ్య మొదలుపెట్టు. ఇక ఆ టైర్లు 2012 ముప్పై నాలుగో వారంలో పుట్టినవి, వెనకవి 2013 తొమ్మిదో వారం. గీతలు ఎంత లోతున్నా రబ్బరు చెక్కయిపోయి ఉంటుంది. థ్రాటిల్ బాడీల డబ్బులో మొదటి వాటా వీటికి తియ్యి.

మా నాన్నకు బెజవాడ ఆటోనగర్‌లో లేత్ షెడ్డు ఉండేది. పక్క షెడ్డులో లారీల బాడీలు కట్టేవాళ్లు. బండి ఎడమకు లాగుతోందని డ్రైవరు వస్తే అక్కడి మేస్త్రి పానా ముట్టుకునేవాడు కాదు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణ, ఒక్కో టైరుకు ఒక తన్ను, చెవి పెట్టి వినడం, తర్వాత కింద దూరడం. సగం బళ్లు ప్రదక్షిణలోనే బాగయ్యేవి. నేను నా కారు కట్టినప్పుడు అది మర్చిపోయి, మొదటి ఏడాదంతా ఖరీదైన షాక్ అబ్జార్బర్ల కేటలాగులు చదివాను. అసలు తప్పు ర్యాక్ బిగించిన ఒక బోల్టు వదులవడం.

కాబట్టి కంప్యూటర్ షాపు నిన్ను తిప్పి పంపడం మంచిదే అయింది. ఇంట్లోనే చూసుకో. ఇది ఇల్లు కట్టే మేస్త్రి పని, కంప్యూటర్ పని కాదు.

ముందు నేల మట్టం చూడు. గ్యారేజీ నేలలు నీళ్లు పోవడానికి తలుపు వైపు వాలి ఉంటాయి. మన ఊళ్లో పునాదికి మట్టం చూసే పారదర్శక గొట్టం గుర్తుందా, అందులో నీళ్లు నింపి నాలుగు చక్రాలు నిలబడే చోట్లా చూడు. తక్కువైన చోట వినైల్ టైల్స్ పేర్చు. తేడా 1 మి.మీ.లోపుకు వచ్చేదాకా వదలకు. ఆ నాలుగు చోట్లా నేల మీద పెయింటుతో గుర్తు పెట్టుకో, మళ్లీ మళ్లీ కావాలి.

తర్వాత దారం. రెండు ఇనుప కడ్డీలకు సరిగ్గా ఒకే దూరంలో గాట్లు పెట్టి, ఒకటి కారు ముందు, ఒకటి వెనక స్టాండ్ల మీద పెట్టు. గాట్లలోంచి గేలపు దారం రెండు వైపులా బిగించి లాగు, హబ్ మధ్య ఎత్తులో ఉండాలి. ముందు హబ్ నుంచి దారానికి కుడి ఎడమల దూరం సమానంగా ఉండాలి, వెనకా అంతే. ముందు వెనకల మధ్య దూరం తేడా రావొచ్చు, ట్రాక్ వెడల్పు (కుడి ఎడమ చక్రాల మధ్య దూరం) వేరు కదా, దానికి కంగారు పడకు. ఇప్పుడు ఒక్కో చక్రానికి రిమ్ ముందు అంచు నుంచి దారానికి, వెనక అంచు నుంచి దారానికి స్టీలు స్కేలుతో కొలువు. నీ 14 అంగుళాల రిమ్ మీద 1 మి.మీ. తేడా అంటే దాదాపు 0.15 డిగ్రీ.

వెనక చక్రాలు తప్పకుండా కొలువు. చాలామంది ముందువి కొలిచి లేచిపోతారు. గతుకులో తోక విదిల్చింది అన్నావు చూడు, ఆ మాట నాకు నచ్చలేదు. వెనక చక్రం బయటికి చూస్తుంటే ముందు ఎంత సర్దినా లాభం లేదు.

స్టీరింగు మధ్యకు రావాలంటే టో-అవుట్ కాదు దారి, క్యాస్టర్. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది చూడు, అదే సంగతి. ఫోన్‌లో కోణం చూపించే యాప్ చాలు. చక్రాన్ని 20 డిగ్రీలు లోపలికి తిప్పి క్యాంబర్ (చక్రం నిలువు నుంచి ఎంత ఒరిగిందో) రాసుకో, 20 బయటికి తిప్పి రాసుకో, ఆ తేడాను ఒకటిన్నరతో గుణిస్తే క్యాస్టర్. నీ కిట్ పై విష్‌బోన్‌కు బుష్‌ల ముందూ వెనకా వాషర్లు ఉంటే, వెనక వాషర్లు తీసి ముందుకు వెయ్యి. విష్‌బోన్ వెనక్కి జరుగుతుంది, క్యాస్టర్ పెరుగుతుంది. వాషర్లు జరిపాక టో (చక్రాలు ఎటు చూస్తున్నాయో ఆ కోణం) మారిపోతుంది కాబట్టి టో ఎప్పుడూ ఆఖర్న. కొలిచే ప్రతిసారీ చక్రాల కింద రెండు టైల్స్ మధ్య గ్రీజు పూసి పెట్టు, లేకపోతే టైరు నేలను పట్టుకుని అబద్ధం చెబుతుంది.

విప్పిన నైలాక్ నట్లు (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉన్నవి) మళ్లీ వాడకు. బిగించిన ప్రతి బోల్టుకూ టార్క్ చూశాక ఒక గీత గియ్యి. మా ఆవిడ గోళ్లరంగు రెండు సీసాలు నా కారు మీదే అయిపోయాయి. వంద మైళ్లు తిరిగాక చూస్తే గీత తప్పిన బోల్టు దానంతటదే కనిపిస్తుంది.

ఇంజను సంగతి. మరక చూసి బిగించాను అన్నావు. ఆ సెన్సర్ ఒక్క పిసరు తిరిగినా టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పు పడే క్షణం, మారుతుంది. డయాగ్నోస్టిక్ పెట్టెలో టెన్, జీఎన్‌డీ అని ఉన్న రెండింటినీ చిన్న వైరుతో కలిపి, ఇంజను వేడెక్కాక టైమింగ్ లైటు పట్టు. 10 డిగ్రీల గుర్తు దగ్గర ఉండాలి. వైరింగు పలచన చేసేటప్పుడు ఆ పెట్టెను కోసి పారేసి ఉండవని ఆశ.

---

ఎర్త్‌వైరు (డార్బీ)

లైట్లు వేస్తే టెంపరేచర్ ముల్లు లేస్తోంది అన్న వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. నీళ్లేమీ వేడెక్కట్లేదు. అది ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి.

ఛాసిస్‌కు పౌడర్ కోటింగ్ అన్నారు కదా. పౌడర్ కోటింగ్ అంటే ప్లాస్టిక్ తొడుగు లాంటిదే, కరెంటును పోనివ్వదు. ఎర్త్ స్ట్రాప్‌ను దాని మీదే బిగిస్తే కరెంటు బోల్టు మరల్లోంచి ఏదో సందు వెతుక్కుంటూ పోతుంది. చిన్న లైట్లకు సరిపోతుంది, పెద్ద లోడు పడితే నసుగుతుంది. సెన్సర్లకూ ఇంజనే ఎర్త్ కాబట్టి ఈసీయూకు తప్పుడు లెక్కలు అందుతాయి. మందకొడితనంలో దీని వాటా కూడా ఉండొచ్చు.

మల్టీమీటర్ డీసీ 2 వోల్టుల మీద పెట్టండి. ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద (క్లాంపు మీద కాదు, పోస్టు మీదే), రెండో కొస ఇంజను బ్లాకు మీద. హెడ్‌లైట్లు, ఫ్యాను వేసి చూడండి, తర్వాత స్టార్టర్ తిప్పుతూ చూడండి. 0.2 దాటకూడదు. తర్వాత అదే పరీక్ష ఛాసిస్ మీద.

దాటితే స్ట్రాప్ విప్పి, నాణెమంత మేర మెరిసే ఇనుము కనపడేదాకా గీకి, పళ్ల వాషరు వేసి బిగించి, పైన వాజలిన్ పుయ్యండి. పుయ్యకపోతే ఇంగ్లండు చలికాలం ఒక్కటి చాలు తుప్పు పట్టడానికి. నేను రోజూ రైళ్ల వైరింగుతో కుస్తీ పట్టేదాన్ని. అంత పెద్ద బండిలోనూ పది లోపాల్లో చాలావరకు చివరికి ఒక బోల్టు కింది రంగు దగ్గరికే వస్తాయి.

---

ఒంటికారు_గ్యారేజీ

అక్కా, ఇప్పుడే గ్యారేజీలోంచి వచ్చాను. లైట్లూ ఫ్యానూ వేస్తే 0.41, స్టార్టర్ తిప్పితే 1.3. స్ట్రాప్ కింద చూస్తే నిగనిగలాడే నల్ల పౌడర్ కోటింగ్, గీత కూడా పడలేదు. నా చేత్తో నేనే బిగించాను, అందంగా ఉందని ఫొటో కూడా తీసుకున్నాను. ఐవీఏ ఫైల్లో ఉంది ఆ ఫొటో!

గీకి బిగించాక 0.03, 0.15. ముల్లు కదలట్లేదు. మిగతాది వారాంతంలో.

---

కూకట్‌పల్లి_బుల్లెట్ (హైదరాబాద్)

అన్నా, థ్రెడ్ మొత్తం చదివిన, మస్తుంది. నేను మెకానికల్ మూడో సంవత్సరం. మా బాబాయికి బాలానగర్‌లో ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది, వెల్డింగ్ నాకు వచ్చు. పాత మారుతి ఇంజనుతో ఇక్కడ ఇట్లాంటిది కట్టి రోడ్డు మీద తిప్పొచ్చా? ఆర్టీఏ ఆఫీసుల అడిగితే నవ్విండ్రు.

---

బెజవాడ_పానా

బాబూ, వాళ్లు నవ్వినందుకు కోపం తెచ్చుకోకు. ఇక్కడికీ అక్కడికీ తేడా చట్టంలోనే ఉంది.

ఇంగ్లండులో ఒక్కడు కట్టిన ఒక్క కారును పరీక్షించి రోడ్డు మీదికి వదిలే దారి ఉంది. 2009కి ముందు ఎస్‌వీఏ అనేవారు, ఇప్పుడు ఐవీఏ. నువ్వే కట్టావని ఫొటోలు, బిల్లులు చూపించాలి. ఇంట్లో కారు కట్టుకునే అలవాటు వెనక పాత పన్నుల కథ కూడా ఉంది. 1957లో లోటస్ సెవెన్ వచ్చినప్పుడు తయారైన కారుకు కొనుగోలు పన్ను పడేది, విడిభాగాలుగా కొంటే పడేది కాదు. అందుకని జనం పెట్టెల్లో కొనుక్కుని ఇంట్లో బిగించుకున్నారు. 1973లో వ్యాట్ వచ్చి ఆ లాభం పోయింది. అదే ఏడాది సెవెన్ హక్కులు కేటర్‌హామ్ చేతికి వెళ్లాయి. పన్ను పోయినా సరదా మాత్రం పోలేదు.

మన దేశంలో కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం కొత్త మోడల్‌కు అనుమతి తీసుకోవాల్సింది తయారీదారు. పుణెలో ఏఆర్ఏఐ లాంటి సంస్థలో నమూనాకు పరీక్షలు చేయించాలి. ఒక షెడ్డులో పుట్టిన ఒక్క కారుకు అది అయ్యే పని కాదు. ఉన్న బండిని మార్చి కడదామా అంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డం. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్ మారేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఎవరైనా "మనోడున్నాడు, కాగితాలు చేయిస్తా" అంటే దూరంగా ఉండు. యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్సు వాడు ఆ కాగితం ముఖం కూడా చూడడు.

కానీ నువ్వు కాలేజీలో ఉన్నావు. అది నాకు దొరకని అదృష్టం. బాహా ఎస్ఏఈ ఇండియా, సుప్రా, ఫార్ములా భారత్ అని విద్యార్థులు కార్లు కట్టి తెచ్చే పోటీలు ఉన్నాయి కదా. రోడ్డు నంబరు అక్కర్లేదు, ట్రాక్ మీద నడిపితే చాలు. పైగా అక్కడ జడ్జీలు ఈ బోల్టు ఎందుకు ఇంత లావు అని అడుగుతారు. ఇక్కడ మమ్మల్ని ఆ మాట అడిగేవాడు లేడు, అందుకే సగం కిట్ కార్లలో కావాల్సిన దానికంటే రెట్టింపు లావు బోల్టులుంటాయి. మీ కాలేజీలో టీమ్ లేకపోతే మీ బాబాయి షెడ్డు చూపించి ఒకటి మొదలుపెట్టు.

---

కూకట్‌పల్లి_బుల్లెట్

టీమ్ ఉందన్నా, కానీ సీనియర్లు నన్ను స్పాన్సర్‌షిప్ లెటర్లు రాసేదానిలో పెట్టిండ్రు.

---

బెజవాడ_పానా

రేపట్నుంచి పానాలు తుడిచే పని అడుగు. ఎవరూ కాదనరు.

---

ఒంటికారు_గ్యారేజీ

రెండు వారాంతాలు పట్టింది. వరసగా చెబుతాను, తర్వాత ఎవరికైనా పనికొస్తుందని.

నేల: తలుపు వైపు 11 మి.మీ. తక్కువ. గొట్టంలో నీళ్లకు కాస్త పసుపు కలిపాను, మట్టం స్పష్టంగా కనిపించింది. గొట్టం మాత్రం ఇంకో పనికి పనికిరాదు.

దారం: ముందు చక్రాలు రెండూ కలిపి 5 మి.మీ. టో-అవుట్. ఇది నేను పెట్టిందే, నెపం వేరేవాళ్ల మీద వెయ్యను. అసలు షాకు వెనక. ఎడమ వెనక చక్రం 1.5 మి.మీ. బయటికి చూస్తోంది, కుడిది 1 మి.మీ. లోపలికి. అంటే కారు రెండేసి చక్రాలతో రెండు దారుల్లో వెళ్తోంది. అన్నా, మీరు ఆ ముక్క చెప్పకపోతే నేను వెనక్కి వెళ్లి కొలిచేవాణ్ణే కాదు. ఇప్పుడు వెనక రెండూ చెరో 1 మి.మీ. లోపలికి, ముందు దాదాపు తిన్నగా, ఒక పిసరు లోపలికి.

క్యాస్టర్: తేడా 2 డిగ్రీలు వచ్చింది, అంటే 3. వాషర్లు జరిపాక తేడా 3.6, అంటే సుమారు ఐదున్నర. ఊళ్లో తిప్పడానికి స్టీరింగు కొంచెం బరువెక్కింది, కానీ రౌండెబౌట్ నుంచి బయటికి వస్తుంటే వేళ్ల మధ్య నుంచి జారి దానంతటదే మధ్యకు వస్తోంది. టో-అవుట్ లేకుండా, చిట్కా లేకుండా.

ఇక్కడితో ఆగాలి. కానీ క్లబ్బులో ఒకాయన దగ్గర నాలుగు చక్రాల కింద పెట్టే తూకం యంత్రాలు దొరికాయి. డ్రైవరు సీట్లో నా బరువు ఉండాలి, కానీ స్ప్రింగు ఎత్తు సర్దే రింగులు తిప్పాల్సింది నేనే. అందుకని సోనా మసూరి 20 కిలోల బస్తాలు నాలుగు సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. మొదటి తూకం కిలోల్లో: ముందు ఎడమ 162, ముందు కుడి 184, వెనక ఎడమ 190, వెనక కుడి 182. మొత్తం 718. ముందు కుడి, వెనక ఎడమ కలిపితే 374, అంటే 52 శాతం. కుక్కి మంచంలో ఒక కోడు పొడుగైనట్టు కారు ఆ ఇద్దరి మీదే ఊగుతోందన్నమాట. యాంటీ రోల్ బార్ (మలుపులో కారు ఒరగకుండా ఆపే కడ్డీ) లింకు విప్పి, ముందు కుడి, వెనక ఎడమ స్ప్రింగు రింగులు తిప్పి దించుతూ, ప్రతిసారీ కారును కిందికి నొక్కి వదిలి, మళ్లీ చూడటం. పదకొండోసారికి 169, 177, 183, 189. మూల నుంచి మూలకు కూడితే 360, 358. మొత్తం మారదు, పంపకం మారుతుంది. తర్వాత దారం మళ్లీ మొదటి నుంచి కట్టాల్సి వచ్చింది, ఎందుకంటే ఎత్తు మారితే టో మారుతుంది. ఆ రాత్రి నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇంజను: డయాగ్నోస్టిక్ పెట్టె కొయ్యలేదు, బతికాను. టైమింగ్ 4 డిగ్రీల దగ్గర ఉంది. 10కి తెచ్చాను. 2000 దగ్గర నుంచే లాగుతోంది. మందకొడితనం ఎర్త్ వల్లా టైమింగ్ వల్లా అన్నది చెప్పలేను, రెండూ ఒకే రోజు మార్చాను. అక్క తిట్టుకున్నా సరే.

టైర్లు కొత్తవి నాలుగు, గాలి 19. నిన్న పొద్దున్నే అదే ఎ46 మీద 40 మైళ్లు వెళ్లొచ్చాను. లారీ దాటినప్పుడు గాలి తగిలింది, ముక్కు ఒకసారి కదిలి దారిలోకి వచ్చేసింది. నేను ఏమీ చెయ్యలేదు. భుజాలు పట్టలేదు. ఇప్పుడు వినపడుతున్న కొత్త సమస్య డ్యాష్ వెనక గలగల. అదైనా వినపడే స్థితికి వచ్చానని సంతోషం.

బ్రేకు వేస్తే మాత్రం ఎడమకు కొంచెం లాగుతోంది. ఇంతకుముందు ఆ కంగారులో తెలియలేదు.

---

బెజవాడ_పానా

ఎడమకు లాగితే కుడి బ్రేకు సరిగా పట్టట్లేదని. కుడి వైపు కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) స్లైడ్ పిన్నులు తీసి చూడు. డోనర్‌తో వచ్చిన పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది. పిన్ను చేత్తో తోస్తే జారాలి, సుత్తి అక్కర్లేదు. అది కూడా కాకపోతే పైపుల్లో గాలి ఉందేమో చూద్దాం, ముందు దూరపు చక్రం నుంచి.

---

ఒంటికారు_గ్యారేజీ

చూశాను అన్నా. కింది పిన్ను సుత్తికి కూడా రాలేదు, కొత్తవి ఆర్డర్ పెట్టాను.

థ్రాటిల్ బాడీల సంగతి ఇంట్లో ఇక ఎత్తలేదు. ఎత్తే పరిస్థితీ లేదు. బస్తాలు మళ్లీ వంటింట్లో పెట్టేటప్పుడు ఒకదాని మీద చేతి ముద్రంత గ్రీజు మరక ఉండిపోయింది. మా ఆవిడ దాన్ని విప్పకుండా గ్యారేజీకి తిరిగి పంపింది. ప్రస్తుతం అది డ్రైవరు సీట్లోనే ఉంది, బెల్టు పెట్టుకుని.